చెవినుండి చదువునకు
పాఠశాల పాఠములకు పాట తోడ్పడు విధము

సరస్వతీదేవి హస్తములలో వీణయు కలదు, పుస్తకమును కలదు. పెద్దలు ఆ తల్లిని ధ్యానించునపుడు ఒక చేతిని విడిచి మరియొక చేతిని మాత్రము తలచిరని ఎచటను లేదు. నేటి మన పిల్లల దినచర్యలో మాత్రము వీణ వేరు, పుస్తకము వేరు అయినవి. పుస్తకము మార్కులకనియు, పాట తీరిక వేళకనియు విభజించుకొంటిమి. సూరారము ప్రాంతమునుండి షామీర్‌పేట దాటి వర్గల్ విద్యాసరస్వతీ క్షేత్రమునకు పోయి, బిడ్డకు అక్షరాభ్యాసము చేయించుకొని వచ్చు దంపతులు ఎందరో కలరు. పలకపై అక్షరము దిద్దించిన పిమ్మట ఆ తల్లి చేతిలోని వీణమాట మరచుచున్నాము. ఆ వీణకు లెక్కలతోను, చరిత్ర భూగోళములతోను, విజ్ఞానశాస్త్రముతోను గల చుట్టరికమును, దానిని ఇంటను బడిలోను వినియోగించుకొను పద్ధతిని, ఆ పద్ధతికి గల హద్దును ఈ వ్యాసమున వివరించెదను.

శ్రవణము మొదటి మెట్టు

వేదమునకు శ్రుతి అని పేరు. గురువు నోట పలికినది శిష్యుడు చెవితో విని ధరించుట చేతనే ఆ పేరు వచ్చినది. భాగవతమున ప్రహ్లాదుడు చెప్పిన నవవిధభక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. వినకుండ పాడుట లేదు. వినకుండ పలుకుటయు లేదు. పసిబిడ్డ మాట నేర్చుట చూడుడు. మాసముల తరబడి తల్లి పలుకు విని, విని, ఆ పిమ్మటనే అమ్మా అని పిలుచును.

అయితే పెద్దలు శ్రవణముతో ఆగుమని చెప్పలేదు. బృహదారణ్యకోపనిషత్తున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఉపదేశించునపుడు శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని వరుసగా చెప్పెను. వినుట ఒకటి, విన్నదానిని తర్కించి తెలిసికొనుట రెండవది, తెలిసినదానియందు మనస్సు నిలుపుట మూడవది. ఈ మూడు మెట్లు ఆత్మవిద్యకు చెప్పబడినవే అయినను ఐదవ తరగతి లెక్కల పుస్తకమునకును వర్తించును. పాటతో చదువు చెప్పదలచినవారు మొదట ఈ వరుసను మనస్సున నిలుపుకొనవలెను.

మందమతి అని ఎవరిని అనవలెను?

మన సూరారము ఒకప్పుడు చెరువును, పంటపొలములను నమ్ముకొన్న పల్లె. ప్రక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ పెరిగినది. 2007లో కుత్బుల్లాపూరు పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో విలీనమైనది. కర్మాగారములలో పనికై కోస్తా జిల్లాలనుండి, పాలమూరునుండి, ఒడిశానుండి, బీహారునుండి వచ్చిన కుటుంబములు ఇచట స్థిరపడినవి. కావున ఇచటి బడిలో కూర్చున్న బాలునకు ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, పుస్తకములో మరియొక భాష. తండ్రి రాత్రి పాళీ పని ముగించుకొని వచ్చి నిద్రించుచుండును. తల్లికి అక్షరములు రావు. పుస్తకము తెరచి చదివించువారు ఇంట లేరు.

అట్టి బాలుడు వాచకము తప్పులతో చదివిన, ఎక్కము అప్పజెప్పలేకపోయిన, వానికి మందమతి అను పేరు పెట్టుట మిక్కిలి సులభము. ఒకసారి ఆ పేరు పడెనా, వాడు తరగతిలో వెనుక వరుసకు చేరును. కొన్నాళ్లకు బడికే దూరమగును. కాని అదే బాలుని ఆషాఢమున కట్టమైసమ్మకు బోనములెత్తు దినమున గమనింపుడు. డప్పు దరువునకు అడుగు తప్పడు. ఎనిమిది చరణముల పాటను మొదటినుండి చివరివరకు పాడును. దరువు మారిన క్షణముననే వాని అడుగును మారును. వానికి చెవి కలదు, జ్ఞాపకము కలదు, లయ కలదు. ఆ చెవికిని పుస్తకమునకును నడుమ వంతెన మాత్రమే లేదు. ఆ వంతెన కట్టుట పెద్దల కర్తవ్యము. ఆ పని జరుగకున్న దోషము బాలునిది కాదు.

విన్నంతనే బుద్ధి పెరుగునా?

వంతెన అనగానే కొందరు తొందరపడుదురు. సంగీతము వినిపించిన చాలును, బిడ్డకు బుద్ధి పెరుగును, మార్కులు వచ్చును అని ప్రచారము చేయువారును, ఆ మాట చెప్పి రికార్డులు విక్రయించువారును కలరు. ఆ మాటకు మూలమేమో తెలిసికొనుట మేలు. 1993లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖలో పరిశోధకులు 36 మంది కళాశాల విద్యార్థులను పరీక్షించిరి. మోజార్ట్ అను పాశ్చాత్య సంగీతకర్త రెండు పియానోలకు కూర్చిన రచనను 10 నిమిషములు వినిపించి, మడచి కత్తిరించిన కాగితము విప్పినప్పుడు ఎట్లుండునో ఊహించుట వంటి ప్రశ్నలు ఇచ్చిరి. విన్నవారు కొంత మెరుగుగా సమాధానము చెప్పిరి. ఆ మెరుగుదల 10 లేక 15 నిమిషములకు మించి నిలువలేదు.

వారు పరీక్షించినది పసిపిల్లలను కాదు. బుద్ధి శాశ్వతముగా వృద్ధియగునని వారు చెప్పలేదు. అయినను ఆ వార్త లోకమంతట వ్యాపించెను. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్రపు గవర్నరు ఆ రాష్ట్రమున పుట్టిన ప్రతి శిశువునకు సంగీతపు రికార్డు ప్రభుత్వపక్షమున ఇప్పింపవలెనని ప్రతిపాదించెను. పిదప ఇతర పరిశోధకులు మరల మరల పరీక్షించి, ఆ ఫలము మిక్కిలి స్వల్పమనియు, మనస్సు ఉల్లాసము పొందిన వేళ ఎవరికైనను కలుగు చురుకుదనము వంటిదేననియు తేల్చిరి. కావున కేవలము చెవిలో సంగీతము పోసినంతమాత్రమున లెక్కలు రావు. సంగీతమునందు పాఠము ఉండవలెను, లేదా పాఠమునకు సంగీతము ముడిపడి ఉండవలెను.

మరియొక జాగ్రత్త. పిల్లవాడు వాచకము చదువుచున్న వేళ ప్రక్కన మాటలతో కూడిన పాట మ్రోయరాదు. చెవిలోని మాట కంటిలోని మాటను త్రోసివేయును. పాట వినునపుడు పాటయే వినవలెను. చదువునపుడు నిశ్శబ్దముగా చదువవలెను.

మనకు తెలిసిన త్రోవయే

పాటతో పాఠము చెప్పుట మనకు క్రొత్త కాదు. 1940వ దశకమున మద్రాసు రేడియో కేంద్రమునుండి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాలానందము నడిపిరి. తెలుగు పిల్లలందరకు వారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిరి. ఆ దంపతులు 1945లో 'బాల' అను పత్రికను వెలువరించిరి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట హైదరాబాదునకు వచ్చి ఇచటను ఆ సేవ కొనసాగించిరి. పాట, కథ, నాటిక, పొడుపుకథ కలగలిపి వారు పిల్లలకు భాషను, నీతిని, లోకజ్ఞానమును అందించిరి. విశేషమేమనగా ఆ కార్యక్రమమున పిల్లలు కేవలము శ్రోతలు కారు. వారే పాడువారు, వారే సమాధానము చెప్పువారు.

2000 తరువాతి దశకమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'విందాం నేర్చుకుందాం' అను పేరుతో ప్రాథమిక పాఠశాలలకు రేడియో పాఠములు ప్రసారమైనవి. వానియందును పాఠమును పాటగా, సంభాషణగా మలచి వినిపించి, వినువారిచేత పని చేయించెడివారు. ఈ రెండు ప్రయత్నములను పరిశీలించిన ఒక విషయము తేటపడును. వినిపించుట సగము పని; విన్నవానిచేత పలికించుట తక్కిన సగము.

వేదపాఠము చూపిన ఉపాయము

ఇక ఆ తక్కిన సగము ఎట్లు చేయవలెను? పిల్లలకు పాటగా నేర్పిన ఎక్కమునందు ఒక చిక్కు కలదు. ఏడవ ఎక్కమును రాగముతో గడగడ చెప్పు బాలుని ఆపి, ఏడు ఆరులు ఎంత అని అడుగుడు. వాడు మనస్సులోనే ఏడు ఒకట్లు మొదలుకొని పాడుకొనుచు ఆరవ వరుసకు వచ్చి అప్పుడు చెప్పును. వర్ణమాల పాటగా వచ్చిన బాలికను మకారమునకు ముందున్న అక్షరమేది అని అడిగినను అంతే. పాట త్రాడు వంటిది. ఒక కొసనుండియే లాగుటకు వచ్చును. నడుమ పట్టుకొనుటకు వీలుకాదు.

ఈ చిక్కును మన వైదికులు వేల ఏండ్ల క్రిందటనే ఎఱిగిరి. అందుచేతనే వేదమును సంహితగా చదివి ఊరకుండలేదు. సంహితలో మంత్రము సంధులతో ఏకధారగా నడచును. పదపాఠమున ప్రతిపదమును విడదీసి చెప్పుదురు. క్రమపాఠమున ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అని జంటలుగా కలుపుదురు. జటాపాఠమున ఒకటి రెండు, రెండు ఒకటి, మరల ఒకటి రెండు అని ముందునకు వెనుకకు త్రిప్పుదురు. ఘనపాఠమున మూడేసి పదములు అటులనే త్రిరుగుడు పడును. దీనివలన ఒక్క అక్షరము జారినను వెంటనే తెలియును. ఈ వేదపఠన సంప్రదాయమును ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థయగు యునెస్కో 2003లో మానవజాతి వారసత్వముగా ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చినది.

జట, ఘన ఏర్పడినది అక్షరరక్షణకు, అర్థబోధకు కాదు. ఆ భేదము మరువరాదు. వేదమును బడిపాటగా చేయుమని నా అభిప్రాయమును కాదు. ఆ పద్ధతిని మాత్రము గ్రహించి ఏడవ ఎక్కమునకు అన్వయింతము. మొదట ఎక్కమంతయు రాగముతో మూడుమార్లు వినవలెను, ఇది సంహిత. పిదప ఒక్కొక్క వరుసను విడిగా చెప్పవలెను, ఇది పదము. ఏడు ఆరులు నలువది రెండు, ఏడు ఏడులు నలువది తొమ్మిది. ఈ రెంటి నడుమ భేదమెంత? ఇది క్రమము. నలువది రెండులో ఏడులెన్ని? ఇది జట. జటతో గుణకారము భాగహారమైనది! చివరకు ఏడేసి గింజలు ఆరు కుప్పలు పోయించి చూపవలెను, ఇది అర్థము. ఈ ఐదు మెట్లును ఒక్క పూటలో ముగియనక్కరలేదు. ఒక వారము పట్టినను చింత లేదు.

పాణినీయ శిక్ష కూడ ఈ సందర్భమున మనకు దారి చూపును. పాఠకునకు ఉండదగిన ఆరు గుణములను అది చెప్పినది: మాధుర్యము, అక్షరస్పష్టత, పదవిభాగము, సుస్వరము, ధైర్యము, లయ. ఇందు సగము సంగీతగుణములే. అదే గ్రంథము అధమపాఠకులను కూడ ఆరుగురిని లెక్కించినది. కూనిరాగము తీయుచు చదువువాడు వారిలో ఒకడు. అర్థమెఱుగక చదువువాడు మరియొకడు. స్వరము కావలెనన్న గ్రంథమే ఊరక రాగము తీయుటను దోషమన్నది. పాట అర్థమును మోసికొని రావలెను, అర్థమును కప్పివేయరాదు.

లెక్కలు తాళమునందున్నవి

సంగీతమునందు గణితము దాగియున్నదని చెప్పుటకంటె, తాళము వేయు చేయి లెక్కించుచునే యున్నదని చెప్పుట మేలు. ఆదితాళమునకు 4, 2, 2 కలిసి 8 అక్షరములు. సరళీస్వరములను మొదటి కాలమున దెబ్బకు ఒక స్వరము చొప్పున పాడిన ఒక ఆవృత్తమునకు 8 స్వరములు. రెండవ కాలమున 16. మూడవ కాలమున 32. దెబ్బ మారదు, దానిలోని భాగములు మారును. సగము, పాతిక అను భిన్నములు నల్లబల్లపై గీతలుగా కనబడినప్పుడు భయపడు బాలిక, వానిని అరచేతిలో విన్నప్పుడు భయపడదు.

తరగతిని రెండు జట్లుగా చేయుడు. ఒక జట్టు మూడు లెక్కించి మూడింట మొదటిదానికి చప్పట్లు కొట్టవలెను. రెండవ జట్టు నాలుగింట మొదటిదానికి కొట్టవలెను. ఒక్కసారి మొదలుపెట్టిన పిమ్మట రెండు చప్పట్లు మరల ఎప్పుడు కలియునో చెవియొగ్గి వినుమనుడు. 12 లెక్కలు గడచిన పిమ్మట కలియును. అదియే కనిష్ఠ సామాన్య గుణిజము. 7, 8 పెట్టి చూచిన 56 గడువవలెను. డప్పు దరువు వచ్చిన బాలుడు ఈ ఆటలో తరగతికి నాయకుడగును. వెనుక వరుసలోని వాడు ముందు వరుసకు వచ్చు మార్గమిది.

పెద్ద తరగతులవారికి మేళకర్తలు కలవు. రిషభ గాంధారములు కలియు తీరులు 6, ధైవత నిషాదములు కలియు తీరులు 6, మధ్యమములు 2. మూడింటిని గుణించిన 72. వేంకటమఖి 17వ శతాబ్దిలో నిరూపించిన ఈ 72 మేళములను ఆరేసి చొప్పున 12 చక్రములుగా పంచిరి. ఆ చక్రముల పేర్లే సంఖ్యలు: ఇందు ఒకటి, నేత్రములు రెండు, అగ్నులు మూడు, వేదములు నాలుగు, బాణములు ఐదు, ఋతువులు ఆరు. ఈ వరుసలో చివరిది ఆదిత్య చక్రము, పండ్రెండవది. ఇక రాగము పేరులోని మొదటి రెండు అక్షరములు కటపయాది సంఖ్య ప్రకారము ఆ రాగపు వరుససంఖ్యను తెలుపును. మేచకల్యాణిలో మకారమునకు 5, చకారమునకు 6. వెనుకనుండి చదివిన 65. ధీరశంకరాభరణములో ధకారమునకు 9, రకారమునకు 2, వెనుకనుండి 29. రాగమును వినిపించి, పేరు చెప్పి, సంఖ్య కనుగొనుమన్న పిల్లలకు అది పొడుపుకథవలె నుండును.

భాషకు లయ

తెలుగు వ్యాకరణములో గురులఘువులు వచ్చిన చోట పిల్లలు తల పట్టుకొందురు. పద్యమును మొదట కంటితో కాక చెవితో పట్టించిన ఆ బాధ యుండదు. లఘువునకు ఒక చిటిక, గురువునకు రెండు చిటికల కాలము. గురజాడ అప్పారావు 1910లో వ్రాసిన ముత్యాల సరములను లయతో వినిపించుడు. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు మార్చి మార్చి వచ్చి ఏడు మాత్రల నడక యగును. సంగీతమున మిశ్రచాపు అనునది ఈ నడకయే. చెవి పట్టుకొన్న పిమ్మట గీతలు గీసి గుర్తులు పెట్టుట క్షణముల పని.

ఈ మాత్రలలోనే ఒక గణితరహస్యము కలదు. నాలుగు మాత్రల కాలమును గురులఘువులతో ఎన్ని విధముల నింపవచ్చును? ఐదు విధములు. ఐదు మాత్రలను ఎనిమిది విధములు. ఆరు మాత్రలను పదమూడు విధములు. ప్రతిసంఖ్యయు వెనుకటి రెండింటి మొత్తము. ఛందశ్శాస్త్రజ్ఞుడైన విరహాంకుడును, 12వ శతాబ్దిలో హేమచంద్రుడును ఈ వరుసను చెప్పిరి. ఇటలీ దేశీయుడు ఫిబొనాచ్చి 1202లో తన గ్రంథమున ఇదే వరుసను వ్రాయుటకు ముందే మన ఛాందసులు పద్యపు నడకలో దీనిని విని కనుగొనిరి.

పాటలో దేశము, పాటలో చరిత్ర

ప్రతిదినము బడిలో జాతీయగీతము పాడుదురు. 1911లో రవీంద్రనాథ ఠాగూరు రచించిన ఆ గీతమును 1950 జనవరి 24న జాతీయగీతముగా స్వీకరించిరి. దానిని పాడుటకు 52 క్షణములు పట్టును. 1919లో ఠాగూరు మన తెలుగుసీమలోని మదనపల్లెకు వచ్చి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడు దానిని ఆంగ్లమున అనువదించెను. మార్గరెట్ కజిన్స్ అను విదుషి స్వరలిపి కూర్చుటకు తోడ్పడెను. ఇంత చుట్టరికమున్న గీతమును పిల్లలు పది సంవత్సరములు పాడియు అందులోని వింధ్య పర్వతము ఎచటనున్నదో చూపలేకున్నారు. నోటికి వచ్చినది మనస్సునకు చేరలేదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఒక శనివారము గోడకు భారతదేశ పటము వ్రేలాడదీసి, గీతమును మెల్లగా వినిపించుడు. ప్రాంతము పేరు వినబడినప్పుడెల్ల ఆపి ఒక బాలునిచేత పటముపై వ్రేలు పెట్టించుడు. గీతమున ఏడు ప్రాంతముల పేర్లు, రెండు పర్వతములు, రెండు నదులు కలవు. ఉత్కళము అనునది ఒడిశాయే అని చెప్పినప్పుడు ఆ రాష్ట్రమునుండి వచ్చిన కార్మికుని బిడ్డ ముఖమును చూడుడు. తన ఊరు ఈ పాటలో కలదని ఆనాడే వాడు తెలిసికొనును. సింధు అను మాట వచ్చినప్పుడు 1947 నాటి విభజన చరిత్రకు ద్వారము తెరచుకొనును.

అందెశ్రీ రచించిన 'జయ జయహే తెలంగాణ' గీతమును 2024లో రాష్ట్రగీతముగా స్వీకరించిరి. కవి తొలుత వ్రాసిన ఆ గీతమున పోతన, రుద్రమ, కొమురం భీము, రామప్ప, చార్మినారు ప్రస్తావనకు వచ్చినవి. ఒక్కొక్క పేరు ఒక్కొక్క పాఠము. పోతన బమ్మెర యెచట? 1213 నాటి రామప్ప దేవాలయమును 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా ఎందుకు గుర్తించినది? ఇట్టి ప్రశ్నలను ఒక్కొక్క జట్టునకు పంచి, వారమునకొకటి చొప్పున జవాబు తెమ్మనవచ్చును.

భద్రాచల రామదాసు కీర్తన సంగతి చెప్పనక్కరలేదు. 'ఇక్ష్వాకు కులతిలక' అను కీర్తనలో ఆయన దేవునకు చేయించిన ప్రాకారములకు, పతకములకు అయిన వ్యయమును వరహాలలోను మొహరీలలోను ఒప్పజెప్పుచు మొరపెట్టుకొనెను. భక్తుడు దానిని విని కన్నీరు పెట్టును. ఆ భక్తికి భంగము లేకయే పిల్లలచేత ఆ మొత్తములను కూడించవచ్చును. వరహా యనగా నేమి, మొహరీ యనగా నేమి అని విచారింపవచ్చును. ఆయనను చెరనుంచిన గోలకొండ కోట సూరారమునకు దూరము కాదు. ఆ చెరసాలను పిల్లలకు చూపవచ్చును. తానీషా పాలనలోని ఆ కోట 1687లో ఔరంగజేబు వశమైనదని ఆ గోడల నడుమ చెప్పిన పాఠము జీవితాంతము మరపునకు రాదు.

తీగయు పూవును

విజ్ఞానశాస్త్రమునకు వీణయే ప్రయోగశాల. వీణకు 24 మెట్లు. 4 తీగలు వాయించుటకు, 3 తీగలు శ్రుతితాళములకు. 60 సెంటీమీటర్ల తీగను మీటిన షడ్జము పలికెననుకొనుడు. సరిగా సగమున, అనగా 30 సెంటీమీటర్లకు కుదించి మీటిన పైషడ్జము పలుకును. 40 సెంటీమీటర్లకు పంచమము, 45 సెంటీమీటర్లకు శుద్ధమధ్యమము. తీగ పొడవు తగ్గినకొలది కంపనములు పెరుగును. షడ్జమునకు క్షణమునకు 240 కంపనములైన పైషడ్జమునకు 480, పంచమమునకు 360. వీణ లేనివారు ఒక పలకకు రెండు మేకులు కొట్టి తీగను బిగించిన చాలును. చెవితో విన్నదానిని కొలబద్దతో కొలుచుట శాస్త్రమునకు ప్రారంభము.

బతుకమ్మ పండుగ తొమ్మిది దినములును ఆడపిల్లలు చప్పట్లతో చుట్టు తిరుగుచు పాడుదురు. 2014లో అది రాష్ట్రపండుగ అయినది. ఆ పాటలలోను ఆ పళ్లెరములోను వచ్చు పూలను మరునాడు బడికి తెమ్మనుడు. తంగేడు చిక్కుడు జాతికి చెందిన చెట్టు. దాని కాయ విప్పి చూచిన తెలియును. బంతి, చామంతి ఒక్క కుటుంబమునకు చెందినవి. ఒక్క పూవుగా కనబడునది అనేక చిన్నపూల గుత్తి. బంతి అమెరికా ఖండమునుండి మన దేశమునకు వచ్చి మన దేవతలకు దండయైనది. పాట విన్న చెవి, పూవు చూచిన కన్ను, ప్రశ్న అడిగిన నోరు, ఈ మూడును కలిసిన చోట పాఠము నిలుచును.

ఆచరించు క్రమము

ఇదియంతయు ధనవంతుల బడులకే సాధ్యమని తలపవలదు. ఒక చేతి ఫోను, ఒక పటము, పిడికెడు గింజలు, రెండు అరచేతులు చాలును. దినమునకు 20 నిమిషములు మించనక్కరలేదు. మొదటి 5 నిమిషములు పాటను కదలక వినవలెను. పిదప 5 నిమిషములు తాళము వేయుచు తామును పాడవలెను. 5 నిమిషములు విడదీసి, త్రిప్పి, ప్రశ్నింపవలెను. చివరి 5 నిమిషములు పాట ఆపి, విన్నదానిని తమ మాటలలో చెప్పవలెను, లేదా వ్రాయవలెను. ఈ చివరి 5 నిమిషములను విడిచినచో మొదటి 15 నిమిషములు వినోదమాత్రమై పోవును.

ధ్వని హెచ్చు కారాదు. పిల్లల చెవులకు 75 డెసిబెల్లకు మించని ధ్వనిని వారమునకు 40 గంటలవరకు మాత్రము వినుట క్షేమమని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. ధ్వని పెరిగినకొలది ఆ గడువు త్వరితముగా తగ్గిపోవును. ఉత్సవములలో పెద్దపెట్టెల యెదుట పసివారిని నిలుపు తల్లిదండ్రులు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. విద్యకు ద్వారమైన చెవిని మనమే చెరుపుకొనరాదు. ఎంత దగ్గరగా పిలిచినను పలుకని బాలునకు అశ్రద్ధ యని శిక్ష వేయకముందు, వినికిడి పరీక్ష చేయించుట ధర్మము.

గొంతు బాగులేని పిల్లవానిని పాడవద్దనరాదు. ఇది కచేరీ కాదు. వాడు తాళము వేయవచ్చును, పటముపై వ్రేలు పెట్టవచ్చును, గింజలు లెక్కింపవచ్చును. ఇంట వేరు భాష మాటలాడు బాలునిచేత వాని తల్లి పాడు జోలపాటను తరగతిలో వినిపింపుమని కోరుడు. ఆ దినమున తక్కినవారు వానివద్ద నేర్చుకొందురు. నేర్పినవానికి నేర్చుకొనుటయందు సిగ్గు పోవును.

దేవాలయమునకు సాయంకాలము వచ్చు పెద్దలకు ఒక మనవి. భజన ముగిసి హారతి యిచ్చిన పిమ్మట అరుగుపై కూర్చుండు పిల్లలను ఊరక పంపివేయవలదు. పాడిన కీర్తనలోని ఒక్క మాటను పట్టుకొని దాని అర్థమడుగుడు. ఒక ఊరి పేరు వచ్చిన అది ఎచటనున్నదో అడుగుడు. ఒక సంఖ్య వచ్చిన దానిని రెట్టింపు చేయుమనుడు. చెప్పినవానికి రెండు పటికబెల్లపు పలుకులు అదనముగా పెట్టుడు. చెప్పలేనివానికి జవాబు తెలిపి వానికిని పెట్టుడు. ప్రసాదమునకు ఓటమి గెలుపులు లేవు.

వీణయు పుస్తకమును ధరించిన వాగ్దేవి మన పిల్లలకు వినుటకు ఓర్పును, విన్నదానిని విచారించుటకు బుద్ధిని, వారికి నేర్పుటకు మనకు ప్రేమను అనుగ్రహించుగాక.